రెండు పొట్టి, ఒకటి పొడుగు

అమెరికాలో ఒక కారు ఉంది. దాని గొంతు నాదే.

ఇలా మొదలుపెడితే మా ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూస్తుంది. అందుకని సవరించుకుంటున్నాను. ఆ కారు గొంతు తయారుచేసిన నలుగురిలో నేనొకణ్ణి. మిగతా ముగ్గురూ పొగగొట్టాల కొలతలు తేల్చారు, నేను మైకులు మోశాను. అయినా మొదటి వాక్యం మాత్రం కొట్టెయ్యను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

మిషిగన్‌లో మాస్టర్స్ చేసి బండ్ల కంపెనీల్లో ఉద్యోగాలు వెతుక్కుంటున్న పిల్లలు మా ఊరు నోవైలో పుట్టినరోజు పార్టీల్లో నన్ను చుట్టుముట్టి, "అంకుల్, మీరు ఆ కారు మీద పనిచేశారట కదా, అందులో దయ్యం ఉందట కదా" అని అడుగుతుంటారు. ఒక్కొక్కరికి ఒక్కో రకంగా చెబుతూ వచ్చాను. ఇప్పుడు అసలు సంగతి రాస్తున్నాను. మధ్యలో ఎక్కడైనా కాస్త పెంచి రాసినా, కిందే ఒప్పుకుంటాను.

మాది విజయవాడ ఆటోనగర్. మా నాన్నది లారీలకు బాడీలు కట్టే షెడ్డు. ఎండాకాలం సెలవుల్లో నా డ్యూటీ లారీ వెనక నిలబడి విజిల్ వేయడం. రెండు పొట్టి, ఒకటి పొడుగు వేస్తే డ్రైవరుకు "పోనీ" అని అర్థం. పొడుగ్గా ఒక్కటే వేస్తే "ఆపు" అని. నాకు విజిల్ కొనాల్సిన పని ఉండేది కాదు. పై పళ్ళ మధ్య పెద్ద సందు ఉండేది, గాలి వదిలితే చాలు, వీధి చివరిదాకా వినబడేది. ఇంజనుకు చెవి ఆనించి జబ్బేమిటో చెప్పడం కూడా ఆ షెడ్డులోనే నేర్చుకున్నాను. మా కంపెనీ నన్ను తీసుకున్నది ఆ విద్య చూసే అని చాలాకాలం చెప్పుకున్నాను. నిజానికి ఆ ఉద్యోగానికి వేరే ఎవరూ దరఖాస్తు పెట్టలేదు.

ఆ కారు మొదట్లో ఎలా ఉండేదో చెప్పాలి. ఫ్యాక్టరీ వెనక ఒక పాత షెడ్డు. అక్కడ పన్నెండు మంది. బయట అమ్మే మామూలు రెండు తలుపుల బండి ఒకటి తెచ్చి, దాని ముక్కులో పట్టనంత ఇంజను కూరేవాళ్ళు. ఎనిమిది సిలిండర్లు. ఒక ఇంజను మొత్తాన్ని మొదటి బోల్టు నుంచి చివరిదాకా ఒకే మనిషి బిగించి, తన పేరు చెక్కిన చిన్న రేకు దాని మీద అంటించేవాడు. ఏడాదికి కొన్ని వందల బండ్లే. కావాలని క్యూలో నిలబడ్డవాళ్ళు అంతకు పదింతలు. అది స్టార్ట్ చేస్తే షెడ్డు తలుపుల మీది దుమ్ము రాలేది. కడుపులో ఏదో కదిలినట్టుండేది. ఆ శబ్దం కోసమే జనం కొనేవాళ్ళు. ఎంత వేగం వెళుతుందన్నది తర్వాతి సంగతి.

శబ్దం కొలవడం నా పని. దానికి మా దగ్గర ఒక బొమ్మ తల ఉండేది. బూడిదరంగు ముఖం, కళ్ళు లేవు, నోరు లేదు, రెండు పక్కలా అచ్చం మనిషివి లాంటి రబ్బరు చెవులు, ఆ చెవుల లోపల మైకులు. మనిషి చెవికి చప్పుడు ఏ వైపు నుంచి వస్తుందో ఎలా తెలుస్తుందో ఆ తలకూ అలాగే తెలుస్తుంది. ముందునుంచి వస్తే ముందునుంచి, వెనకనుంచి వస్తే వెనకనుంచి టేపులోకి ఎక్కుతుంది. దాన్ని డ్రైవరు పక్క సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టేవాళ్ళం. నేను దానికి బావగారు అని పేరు పెట్టాను. అమెరికన్లు కూడా నేర్చుకుని, "బావగారూ గుడ్ మార్నింగ్" అని పలకరించేవారు. దాని పక్కన ఒంటరిగా భోంచేయడానికి మాత్రం ఎవరికీ ఇష్టం ఉండేది కాదు. తినేటప్పుడు మన నమిలే చప్పుడు వింటున్నట్టుండేది.

బండి నడిపేది మా టెస్ట్ డ్రైవరు. అప్పటికే యాభై దాటాయి. పల్లీలు నములుతూ ఉండేవాడు. మాట తక్కువ. అందరం పెద్దాయన అనేవాళ్ళం. తను రికార్డింగ్ డ్రైవ్ చేస్తున్నప్పుడు కారులో ఇంకో మనిషి ఉండకూడదనేది రూలు. గుడ్డ రాసుకున్న చప్పుడు కూడా టేపులోకి ఎక్కుతుంది కదా. డ్రైవరూ బావగారూ, అంతే. లాగ్‌బుక్కులో ప్రతి టేపుకీ "డ్రైవరు మాత్రమే" అని నేనే రాసి సంతకం పెట్టేవాణ్ణి.

మొదటి కారు అసలు గొంతు రికార్డు చేసిన రోజు కూడా అలాగే రాశాను. ఏప్రిల్ ఉదయం, టెస్ట్ ట్రాక్ మీద పల్చగా మంచు. పెద్దాయన ఒక్కో గేరూ మారుస్తూ చివరిదాకా లాగాడు. దానికంటే మంచి రికార్డింగ్ ఆ తర్వాత మళ్ళీ దొరకలేదు.

కొన్నేళ్ళకు రెండో కారు వచ్చింది. ఇంజను మీద బలవంతంగా గాలి నెట్టే బ్లోయర్ పెట్టారు, వెనక టైర్లు జానెడు వెడల్పయ్యాయి. మొదటిది గర్జిస్తే ఇది కేకపెట్టేది. షెడ్డులో పన్నెండు మంది నలభై అయ్యారు, పేర్ల రేకులు మిషను మీద చెక్కడం మొదలైంది. పెద్దాయన దాన్ని రెండేళ్ళు నడిపి రిటైరయ్యాడు. ఆ మరుసటి శీతాకాలం గుండె ఆగి పోయాడు. ఆయన లాకరులో గ్లవ్స్ జత అలాగే ఉండిపోయింది. తీసి పారేయమని ఎవరూ అనలేదు.

ఇక మూడో కారు. దానికి ఇంజనే లేదు. బ్యాటరీ, రెండు మోటార్లు. మొదటి రెండింటినీ తలదన్నే వేగం. బరువు తగ్గించాలని వెనక సీటు కూడా తీసేసి, అక్కడ ఒక పలక బిగించారు. చూపించిన రోజు పాత కస్టమర్లు పెదవి విరిచారు. "ఫ్రిజ్జు కొనుక్కున్నట్టుంది" అన్నాడొకాయన. అందుకని పైవాళ్ళు ఒక నిర్ణయం తీసుకున్నారు. కారులో స్పీకర్లు పెట్టి, మొదటి కారు గొంతునే అందులో వినిపించాలి. కాలు నొక్కితే పెరగాలి, తీస్తే తగ్గాలి.

పాత టేపులు ఎక్కడున్నాయో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అప్పటికి ఆ విభాగంలో వినేవాళ్ళందరికీ పెద్దని. నేను విని సరే అంటే సరే. ఏప్రిల్ ఉదయంనాటి టేపు తీసి ఇచ్చాను. దాన్ని సన్నసన్న ముక్కలుగా కోసి, వేగాన్ని బట్టి స్థాయి పెంచుతూ తిప్పే ప్రోగ్రాం రాయడానికి ఒక అమ్మాయిని తీసుకున్నారు. వరంగల్ నుంచి వచ్చి ఇక్కడే మాస్టర్స్ చేసింది. మొదటి రోజే అందరి ముందూ, "నమస్తే అంకుల్" అంది.

"ఆఫీసులో అంకుల్ ఏమిటమ్మా?" అన్నాను.

"మరేమనాలె? పేరు పెట్టి పిలవనీకి నోరు రాదు. మా డాడీ కన్నా పెద్దోళ్ళు మీరు."

ఆ మాటకు ఆ రోజంతా అలిగాను. కానీ పిల్ల పనిమంతురాలు.

మూడో నెలలో మొదలైంది. టెస్ట్ ట్రాక్ నుంచి ఒక కుర్ర డ్రైవరు కారు దిగి, తాళం బల్ల మీద పెట్టి, "అందులో ఎవరో ఉన్నారు" అన్నాడు. నవ్వాం. వాడు నవ్వలేదు. వేగం పెంచినప్పుడల్లా ఎడమ భుజం వెనకనుంచి ఎవరో పిలుస్తున్నారట. సన్నగా, పళ్ళ మధ్యనుంచి. ఇంకా తొక్కు, ఇంకా తొక్కు అన్నట్టుంటుందట. తను అనుకున్నదానికంటే వేగంగా పోయి మలుపు దగ్గర గడ్డిలోకి దిగిపోయాడు.

"వెనకనా?" అన్నాను. "ఆ కారులో వెనక సీటే లేదు కదయ్యా!"

"అదే చెబుతున్నాను," అన్నాడు వాడు.

నేను వెళ్ళి కూర్చుని నడిపాను. ఒకసారి, రెండుసార్లు, పదిసార్లు. ఇంజను గొంతు అద్భుతంగా ఉంది. ఇంకేమీ లేదు. వారంలో మరో ఇద్దరు డ్రైవర్లు అదే మాట అన్నారు. ఒకావిడ అయితే అద్దంలో వెనక పలక కనబడకుండా దానికి స్కార్ఫు కట్టి నడిపింది. నేను మళ్ళీ విన్నాను. మళ్ళీ ఏమీ లేదు.

పెద్దాయన దయ్యం కథ ఎవరు మొదలుపెట్టారో తెలియదని అందరికీ చెబుతూ వచ్చాను. మొదలుపెట్టింది నేనే. కాఫీ మిషను దగ్గర, గొంతు తగ్గించి, "ఆ టేపులో బండి నడిపింది ఎవరో తెలుసుగా" అన్నాను. అంతే. సాయంత్రానికి బిల్డింగ్ మొత్తం పాకింది. వేళాకోళానికే అన్నాను. కానీ దయ్యం అంటే నాకింకో సౌకర్యం కూడా ఉంది. దయ్యం అందరికీ వినబడాలన్న నియమం లేదు.

మా మేనేజరు ఆ కథ విని నవ్వకపోవడం నాకు ఆశ్చర్యమనిపించింది. ఆవిడ చిన్న వయసులో పెద్దాయన దగ్గర పని నేర్చుకుంది. "ఆయనకి ఈ కారు నచ్చేది కాదు," అంది కిటికీలోంచి చూస్తూ. "అందుకే వచ్చి కూర్చున్నాడేమో."

వరంగల్ పిల్ల మాత్రం లాప్‌టాప్ ఎత్తుకుని నా గదికి వచ్చింది. తెర మీద శబ్దం బొమ్మ. కింద మందంగా ఇంజను మేఘం. పైన, చాలా పైన, వెంట్రుకంత సన్నని గీతలు కొన్ని.

"ఇది చూడండంకుల్. టేపుల గేర్ మారిన ప్రతిసారి వస్తుంది. అసలు టేపులో కిందికి ఉండె, ఇంజన్ చప్పుడుల కలిసిపోయి తెలవలే. మనం స్థాయి పెంచినంక ఇది పైకొచ్చి తేలింది."

"మోటారు కంట్రోలరు గోల అది. ఎలక్ట్రిక్ బండ్లకి మామూలే."

"కాదంకుల్. మోటర్ ఆపి ఒట్టి స్పీకర్ పెట్టి విన్నా. మనిషి విజిల్ అది. ఇగో, వినండి."

హెడ్‌ఫోన్లు పెట్టింది. నేను కళ్ళు మూసుకుని, తలాడిస్తూ, అనుభవజ్ఞుడిలా విన్నాను. ఇంజను. ఇంజను. ఇంజను.

"ఏమీ లేదమ్మా," అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. తర్వాత నెమ్మదిగా, "అంకుల్, మీకు వినబడ్తలేదా?" అంది.

ఇక్కడ నేను చేసింది రాయడానికి సిగ్గుగా ఉంది. నా కోపం చూసి ఆమె గదిలోంచి వెళ్ళిపోయాక, ఒక కాగితం మీద రాశాను. "ఇటువంటి శబ్దం లేదు. ఫిర్యాదు చేసిన ఇంజనీరుకు అనుభవం తక్కువ, ఊహ ఎక్కువ." కింద సంతకం. నా సంతకానికి అక్కడ విలువ ఉండేది. ఆమె కూడా తన రిపోర్టు మేనేజరుకు పంపింది. కారు విడుదల ఆపమని రాసింది. ఆ కారు కోసం కోట్ల పని ఆగి ఉంది. మేనేజరు ఇద్దరినీ పిలిచి, "వినికిడి పరీక్ష పెడదాం. శబ్దం లేదని తేలితే, క్షమించు, ఈ టీములో నిన్ను ఉంచలేను," అంది ఆమెతో.

ఆ మాట అర్థం మీకు విడమరచి చెప్పక్కర్లేదు. ఆమె ఉన్నది హెచ్1 వీసా మీద. ఉద్యోగం పోతే, ఇంకోటి వెతుక్కోవడానికో దేశం వదలడానికో చేతిలో అరవై రోజులు. కారిడార్లో ఆమె ఫోనులో కేలెండరు తీసి చూసుకుంటూ నడిచింది.

మా దగ్గర ఒక నిశ్శబ్దపు గది ఉండేది. గోడలకు, పైకప్పుకు, నేలకు కూడా మూరెడు పొడుగు స్పాంజి కోణాలు. తీగల జల్లెడ మీద నడవాలి. చప్పట్లు కొడితే చప్పట్లు పుట్టకముందే చచ్చిపోతాయి. తలుపు వేశాక రెండు నిమిషాలకు మన రక్తం పారే చప్పుడు మనకే వినబడుతుంది. ఎదుటి మనిషి వీపు తిప్పి మాట్లాడితే, మనిషి గదిలోంచి వెళ్ళిపోయినట్టుంటుంది. ఇరవై ఐదేళ్ళు అందులో పనిచేశాను. చివరి ఆరేళ్ళలో ఆ గదిలో నాకు వినిపించే నిశ్శబ్దం ముందుకంటే లోతుగా ఉందని తెలుస్తూనే ఉంది. గది పాతదై మెరుగుపడిందని నాకు నేను చెప్పుకున్నాను.

పరీక్ష రోజు పట్టపగలు పదకొండు గంటలకు. కారు గురించి ఏమీ తెలియని ఐదుగురిని వేరే విభాగాలనుంచి తెచ్చాం. గదిలో ఐదు కుర్చీలు, మధ్యలో అట్టలు, ఒకరికొకరు కనబడరు. హెడ్‌ఫోన్లు. ఒక్కొక్కరి చేతిలో ఒక బటన్. "కారుది కాని చప్పుడు ఏదైనా వినబడితే, అది వినబడినంతసేపూ నొక్కి ఉంచండి." మందపాటి గాజు ఇవతల చిన్న క్యాబిన్‌లో నేనొక్కణ్ణే. నా ముందు ఒక పెట్టె, దాని మీద ఐదు ఎర్ర దీపాలు. ఆ పెట్టె నేనే చేశాను, చాలా ఏళ్ళ క్రితం. కంప్యూటర్లో రికార్డు చేసే పద్ధతి వచ్చినా, "కంప్యూటరుకి చెవులుండవు" అని నా పెట్టే ఉంచాను. అంటే ఏ దీపం ఎప్పుడు వెలిగిందో నా పెన్సిలుకు తప్ప ఎవరికీ తెలియదు. అవతల మూల, బెల్టుతో కుర్చీకి కట్టిన బావగారు. ఆయన వయసు మారలేదు. ఆ రబ్బరు చెవులు కొన్న రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

టేపు వేశాను. క్యాబిన్ స్పీకర్లో కూడా అదే వస్తుంది. ఇంజను లేచింది, మొదటి గేరు, రెండో గేరు. హాయిగా ఉంది. ఏమీ లేదు.

రెండో దీపం వెలిగింది. ఆరింది. ఐదోది వెలిగింది. ఒకటోది. ఎవరో దగ్గినట్టు అడ్డదిడ్డంగా.

మళ్ళీ వేశాను. ఈసారి నాలుగు దీపాలు, కాస్త దగ్గరగా. స్పీకర్‌కి చెవి ఆనించాను. ఇంజను తప్ప మరేమీ లేదు.

మూడోసారికి వాళ్ళ వేళ్ళకు అలవాటైంది. గేరు మారింది. ఐదు దీపాలూ ఒక్కసారిగా వెలిగాయి. టక్కున ఆరాయి. వెలిగాయి. ఆరాయి. మళ్ళీ వెలిగి, అలాగే, అలాగే, అలాగే ఉండి ఆరాయి.

గాజు అవతల ఐదుగురూ కదలకుండా కూర్చుని ఉన్నారు. వాళ్ళలో ఒకాయన మెల్లగా తల తిప్పి ఎడమ భుజం వెనక్కి చూశాడు.

నాకు ఏమీ వినబడలేదు. కనబడింది. పొట్టి. పొట్టి. పొడుగు.

ఆటోనగర్ షెడ్డు, లారీ వెనక చక్రం, ఎండ. పోనీ, పోనీ.

ఇప్పుడు ఆ ఏప్రిల్ ఉదయం గురించి ఇందాక చెప్పిన అబద్ధం సరిచేస్తాను. ఆ రోజు కారులో డ్రైవరు మాత్రమే లేడు. రికార్డరు తీగ ఒకటి వదులై ఊడిపోతుంటే, దాన్ని వేలితో నొక్కి పట్టుకుని వెనక సీట్లో ముడుచుకుని నేనూ కూర్చున్నాను. ఎడమ వైపు. రూలు ప్రకారం ఆగి తీగ బాగుచేసుకుందామంటే, ఆ ట్రాక్ మళ్ళీ వారం దాకా దొరకదు. పెద్దాయన అద్దంలో చూసి, "ఊపిరి కూడా పీల్చకు" అన్నాడు. పీల్చకుండానే కూర్చున్నాను. కానీ ఆయన గేరు మార్చి తొక్కినప్పుడల్లా నా కడుపులో ఆ కారు కదిలింది. వేలెడంత సందున్న నా పళ్ళలోంచి విజిల్ దానంతట అదే వచ్చి ఉంటుంది. వేశానని నాకు జ్ఞాపకం లేదు. ఈ రోజుకీ లేదు. పదేళ్ళనాడు పై వరుసంతా తీసి కట్టుడు పళ్ళు పెట్టించుకున్నాక, నేను విజిల్ వేసే మనిషినన్న సంగతి ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. నాకూ లేదు.

అంటే ఇన్నాళ్ళూ ఆ కారు వెనక సీట్లో, లేని సీట్లో, కూర్చుని అందరినీ పోనీ పోనీ అంటున్నది పెద్దాయన కాదు. నల్లటి జుట్టున్న నేను. ఆ గొంతు అందరికీ వినబడుతోంది. నా ఒక్కడికే వినబడటం లేదు.

వెంటనే లేచి, తలుపు తీసి, మేనేజరు దగ్గరికి నడిచి నిజం చెప్పానని ఒక పార్టీలో చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. అలా జరగలేదు. ఆ క్యాబిన్‌లో పెన్సిలు తీసుకుని, ఐదు గడుల్లోనూ సున్నా రాశాను. గుండ్రంగా, శుభ్రంగా. ఐదుగురికీ థాంక్స్ చెప్పి పంపించేశాను. ఫలితం వాళ్ళకు చెప్పకూడదన్నది పద్ధతి, ఆ పద్ధతి నాకు కలిసొచ్చింది.

బయట బెంచీ మీద ఆమె కూర్చుని ఉంది. టిఫిన్ డబ్బా ఒళ్ళో ఉంది, మూత తియ్యలేదు.

"ఎంతమంది నొక్కిండ్రు అంకుల్?"

"ఎవరూ నొక్కలేదమ్మా."

కోప్పడుతుందనుకున్నాను. నన్ను నిలదీస్తుందనుకున్నాను. సమాధానాలు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆమె డబ్బా తీసి పక్కన పెట్టింది.

"ఒక్కరు గూడనా?"

"ఒక్కరు కూడా."

"మా అమ్మమ్మకు గిట్లనే షురువైంది అంకుల్," అంది. గొంతు చాలా చిన్నది. "ఎవరో పిలుస్తున్నరు, ఎనకనుంచి పిలుస్తున్నరు అంటుండె. అందరం నవ్వుతుంటిమి. తర్వాత ఇగ ఎవల్ని గుర్తుపట్టలే. నాకు నిన్న ఇంట్ల గూడ వినబడ్డది, కారు లేకుండనే. నాకు గూడ గట్లనే అయితుందా?"

"ఛ, అవేం మాటలు? అలసిపోయావు."

"లేదంకుల్. మీరు ఇరవై ఐదేండ్ల నుంచి వింటున్నరు. మీరు లేదంటే లేదు. నేనే..." అని చెవుల మీద రెండు చేతులూ పెట్టుకుంది. వినబడకుండా మూసుకుంటున్నట్టు కాదు, అవి తనవేనా అని తడిమి చూసుకుంటున్నట్టు.

ఉద్యోగం పోతే ఇంకోటి వస్తుందని, తెలివైన పిల్ల అని అప్పటిదాకా నాకు నేను సర్దిచెప్పుకుంటూ వచ్చాను. చెవిటితనం నాది. దాన్ని తీసుకెళ్ళి ఆమె తలలో పెట్టాను. ఇక ఆమె జీవితాంతం ఏ చప్పుడు విన్నా, ముందు తనని తను అనుమానిస్తుంది.

క్యాబిన్‌లోకి వెళ్ళి రబ్బరు తీసుకున్నాను. సున్నాలు చెరిగాయి కానీ ఆనవాళ్ళు పోలేదు. వాటి మీదే ఐదు గడుల్లోనూ 'నొక్కారు' అని రాసి, ఆ మరకలతోనే కాగితం పట్టుకుని, ఆమెను కూడా రమ్మని, మేనేజరు గదికి వెళ్ళాను.

దీపాలు, విజిల్ అర్థం, నా చెవులు, ఏప్రిల్ ఉదయం, లాగ్‌బుక్కు, సున్నాలు, అన్నీ చెప్పాను. చెప్పడానికి పది నిమిషాలు పట్టలేదు. మేనేజరు ముందు అడిగింది నా గురించి కాదు.

"అయితే అది ఆయన కాదన్నమాట," అంది. తర్వాత, "ఎన్నాళ్ళుగా వినబడటం లేదు?"

"ఆరేళ్ళు."

"ఈ ఆరేళ్ళలో నువ్వు సంతకం పెట్టినవన్నీ ఎవరో మళ్ళీ వినాలి."

"ఆవిడ వింటుంది," అని నా పక్కనున్న అమ్మాయిని చూపించాను. అది నా ఉద్యోగంలో నేను చేసిన చివరి సిఫారసు.

ఆమె గది బయటికి వచ్చాక ఆగింది. నన్ను తిడుతుందేమోనని నిలబడ్డాను.

"రెండు పొట్టి, ఒకటి పొడుగు అంటే పోనీ అన్నరు. మరి ఆపు అనాలంటే?"

"పొడుగ్గా ఒక్కటే."

"బాగ భయపెట్టిండ్రు అంకుల్ మీరు," అంది. అప్పుడు ఏడ్చింది. నేను టిష్యూ కోసం జేబులు వెతుక్కున్నాను, లాగ్‌బుక్కు తప్ప ఏమీ దొరకలేదు.

మార్చి చివర నన్ను రిటైరు చేశారు. కేక్ కోశారు, బావగారికి కూడా టోపీ పెట్టారు. కారు నాలుగు నెలలు ఆలస్యంగా, శుభ్రమైన గొంతుతో విడుదలైంది. కొన్ని వందలే, ఎప్పటిలాగే. నా పాత సంతకాల్లో తప్పులు తొమ్మిది తేలాయని ఆమె ఒకరోజు ఫోను చేసి చెప్పింది. కాదు, పదకొండు. తొమ్మిది అని నేను మా ఆవిడతో చెప్పుకున్నాను.

పిల్లలూ, మీకు చెప్పదలచింది ఒక్కటే. నలభై ఐదు దాటాక ఏడాదికోసారి చెవులు పరీక్ష చేయించుకోండి. మీకు వినబడనిది పక్కవాడికి వినబడుతోందంటే, ముందు మిమ్మల్ని అనుమానించుకోండి. ఇక్కడితో ఆపితే ఇది మంచి వ్యాసమే అయ్యేది.

గత అక్టోబరులో ఒక ఆదివారం ఉదయం ఆమె మా ఇంటికి వచ్చింది. శబ్దం విభాగానికి ఇప్పుడు తనే పెద్ద. వారాంతానికి కంపెనీ కారు తెచ్చుకుంది. మూడోదే. "రండంకుల్, మీ గొంతు లేకుండా ఎట్లుందో వినండి," అంది. నాకు ఇప్పుడు రెండు చెవుల్లోనూ మిషన్లు ఉన్నాయి. నోవై దాటి పడమటికి వెళితే మొక్కజొన్న చేల మధ్య తిన్నని రోడ్డు. పొలాల మీద మంచు.

ఆమె కాలు నొక్కింది. మొదటి కారు గొంతు లేచింది. మిషన్ల పుణ్యాన పైనుంచి కిందిదాకా అంతా విన్నాను. ఆ గొంతులో గేరు మారిన ప్రతిచోటా చెవులు నిక్కించాను. ఏమీ లేదు. నిజంగానే లేదు. కొంచెం బాధ కూడా వేసింది.

"క్లీన్‌గ ఉంది కదా? మొత్తం నేనే తీసిన."

"బాగుంది," అన్నాను.

ఆమె ఇంకా వేగం పెంచింది. ముందు మంచు తెల్లగా, గోడలా ఉంది. అప్పుడు నా ఎడమ భుజం వెనకనుంచి వినబడింది. సన్నగా. పొడుగ్గా. ఒక్కటే.

చెవి మిషను కూత అనుకున్నాను. అవి అప్పుడప్పుడు కూస్తాయి. అలా అనుకునేలోపే కారు బరబరా జారి రోడ్డు మధ్యలో ఆగిపోయింది. ఇంజను లేని బండి, ఆగితే ఏ చప్పుడూ ఉండదు.

"ఏమైందమ్మా? ఎందుకాపావు?"

ఆమె స్టీరింగు వదల్లేదు. "మీరే కదా ఆపమన్నది."

"నేనా?"

"విజిల్ ఏసిండ్రు కద. పొడుగ్గ ఒకటి."

ఇలాంటి చోట సాధారణంగా నేను ఒప్పుకుంటాను. కాస్త పెంచానని, అసలు ఇలా జరిగిందని. ఈసారి ఒప్పుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు. ఈ కట్టుడు పళ్ళతో గాలి ఊదితే ఉఫ్ అని తప్ప రాదు, ఆమె ముందే ఊది చూపించాను. ఆ ఏప్రిల్ టేపులో కూడా పొడుగ్గా ఒక్కటే ఉన్న చోటు ఎక్కడా లేదు. దాన్ని ఆమె ముక్కముక్కా విన్నది. ఆ రోజు నేను ఎవరినీ ఆపమనలేదు.

ముందు రోడ్డు ఖాళీగా ఉంది. మంచు మెల్లగా విడింది, అప్పుడూ ఖాళీగానే ఉంది. ఇద్దరం ఎదురుగా చూస్తూ చాలాసేపు కూర్చున్నాం.

వెనక్కి మాత్రం ఎవరమూ తిరగలేదు. ఆ కారులో వెనక సీటు లేదు.